విద్యార్థి వ్యాఖ్య: ముస్లిం దేశముల అనుభవము

రాత్రి వార్తలు ముగియును. ఢాకా నుండియో, కైరో నుండియో, టెహ్రాను నుండియో ఒక సమాచారము వచ్చియుండును: విశ్వవిద్యాలయ విద్యార్థులు సభ చేసిరి, ప్రభుత్వమును ప్రశ్నించిరి, పోలీసులు ఆవరణలో ప్రవేశించిరి. రేడియో కట్టివేసిన పిమ్మట ఇంటిలో రెండు మాటలు వినబడును. "చదువుకొనవలసిన పిల్లలకు ఈ గొడవ లెందుకు?" అని పెద్దలందురు. "చదువుకొన్నవారు మాట్లాడక మరెవరు మాట్లాడవలెను?" అని కళాశాలకు పోవు కుమారుడో, కుమార్తెయో అనును. ఈ వాదము ఏ యింటను ఒక్క రాత్రిలో తేలునది కాదు. అయినను ముస్లిం దేశములలో విద్యార్థులు తమ కాలపు సంగతులను గూర్చి ఎప్పుడు, ఎందుకు, ఎట్లు మాట్లాడిరో కొంత తెలిసికొన్నచో, ఆ వాదమునకు ఆధారము దొరకును.

మొదట "ముస్లిం ప్రపంచము" అను మాటను సరిచూచుకొనవలెను. ఆ పేరు వినగానే ఎడారియు, అరబ్బీ భాషయు మనకు స్ఫురించుట కలదు. కాని ప్రపంచములోని ముస్లిములలో అరబ్బులు సుమారు ఐదవ వంతు మాత్రమే. ముస్లిములు అత్యధికముగా నున్న దేశములలో ఇండొనీషియా, పాకిస్తాను, బంగ్లాదేశ్ ముందు వరుసలోనివి. 1969లో ఏర్పడిన ఇస్లాము దేశముల సహకార సంస్థలో నేడు 57 సభ్యరాజ్యములు కలవు. వాని భాషలు వేరు, రాజ్యాంగములు వేరు, పంటలు వేరు, కష్టములు వేరు. అందువలన అచ్చటి విద్యార్థులందరును ఒకే మాట చెప్పుదురని తలచుట పొరపాటు. వారు ఎక్కువగా మాట్లాడినది తమ తమ దేశములందలి భాషను గూర్చి, యుద్ధమును గూర్చి, బియ్యము ధరను గూర్చి, బడి తలుపును గూర్చి. మతము అందులో ఒక అంశము కావచ్చును. అదియే సర్వము కాదు.

ఢాకాతో ఆరంభింతము. 1947లో పాకిస్తాను ఏర్పడినప్పుడు ఆ దేశ జనసంఖ్యలో సగమునకు మించినవారు తూర్పు బెంగాలులో నుండిరి. వారి భాష బెంగాలీ. అయినను క్రొత్త ప్రభుత్వము అచ్చువేయించిన తపాలా బిళ్ళలమీదను, మనియార్డరు ఫారములమీదను ఇంగ్లీషు, ఉరుదూ అక్షరములే గాని బెంగాలీ అక్షరములు లేకుండెను. ఢాకాలోని చదువుకొన్న యువకులు మొదట వేలు చూపినది ఇట్టి చిన్న కాగితములనే. పల్లె నుండి తండ్రి పంపిన డబ్బు తీసికొనుటకు, తన భాషలో ఒక్క అక్షరమైనను లేని కాగితముపై సంతకము చేయవలసిన విద్యార్థికి భాషాసమస్యను ఎవరును విడమరచి చెప్ప నక్కరలేదు.

1948 మార్చి 24వ తేదీన కర్జన్ హాలులో జరిగిన స్నాతకోత్సవమున మహమ్మదాలీ జిన్నా, ఉరుదూ ఒక్కటియే రాజభాష యగునని ప్రకటించెను. సభలోని కొందరు విద్యార్థులు "కాదు, కాదు" అనిరి. దేశస్థాపకుడని జనులు పూజించు వ్యక్తి యెదుట, దేశము పుట్టి ఏడాదియైనను నిండకముందు పలికిన మాట అది. అయితే వారి కోరికను గమనింపుడు. ఉరుదూను తొలగింపుమని వారు అడుగలేదు. రాజభాషలలో బెంగాలీకిని స్థానమిమ్మని అడిగిరి. 1952 జనవరిలో ప్రధానమంత్రి ఖ్వాజా నజీముద్దీన్ మరల పాతమాటనే చెప్పెను. ఫిబ్రవరి 21వ తేదీన 144వ సెక్షను క్రింద నిషేధాజ్ఞ యుండగా విద్యార్థులు విశ్వవిద్యాలయ ఆవరణలో సమావేశమైరి. పోలీసులు కాల్పులు జరిపిరి. ఆ దినమునను మరునాడును ప్రాణములు కోల్పోయినవారిలో రాజనీతిశాస్త్ర విద్యార్థియైన అబుల్ బర్కత్ ఒకడు. చదువుతో సంబంధము లేని శ్రమజీవులును ఉండిరి. వైద్య విద్యార్థులు ఒక్క రాత్రిలో స్మారకస్తంభము కట్టిరి. ఫిబ్రవరి 26వ తేదీన పోలీసులు దానిని కూల్చిరి. అయినను 1956 నాటి రాజ్యాంగమున బెంగాలీకి ఉరుదూతోపాటు స్థానము లభించెను. 1999లో యునెస్కో సంస్థ ఫిబ్రవరి 21వ తేదీని అంతర్జాతీయ మాతృభాషా దినముగా ప్రకటించెను.

తెలుగువారికి ఈ కథ పరాయిది కాదు. అదే 1952వ సంవత్సరము డిసెంబరులో మదరాసు నగరమున పొట్టి శ్రీరాములుగారు ఆంధ్ర రాష్ట్రము కొరకు నిరాహారదీక్షలో ప్రాణము విడిచిరి. అచ్చటి కోరిక రాజభాషను గూర్చినది, ఇచ్చటి కోరిక రాష్ట్రమును గూర్చినది; రెండును ఒకటి కావు. కాని మాతృభాషకు పరిపాలనలో చోటు లేకున్నచో మనుజునికి కలుగు బాధ ఎట్టిదో ఇరుప్రాంతముల వారును ఒకే ఏడాది అనుభవముతో నెరిగిరి.

ఇక కైరో నగరము. ఆశ్చర్యమేమనగా, ఈజిప్టు విద్యార్థులకును ఫిబ్రవరి 21వ తేదీయే స్మరణీయమైనది. 1946లో ఆ దినమున విద్యార్థులును కార్మికులును కలిసి, బ్రిటిషు సైన్యములు దేశము వదలి పోవలెనని సమ్మె చేసిరి, కాల్పులు జరిగెను. ఇరువది రెండేండ్ల తరువాత, సరిగా అదే దినమున, మరొక కదలిక వచ్చెను. 1967 జూను యుద్ధమున ఈజిప్టు విమానదళము నేలమీదనే ధ్వంసమై, సినాయి ప్రాంతము పరుల వశమయ్యెను. దానికి బాధ్యులైన విమానదళాధికారులకు 1968 ఫిబ్రవరిలో సైనిక న్యాయస్థానము విధించిన శిక్షలు స్వల్పములని హెల్వాను కార్మికులు వీధికెక్కిరి. కైరో, అలెగ్జాండ్రియా విశ్వవిద్యాలయముల విద్యార్థులు వారిని అనుసరించిరి. అధ్యక్షుడు నాసరు పునర్విచారణకు ఆదేశించెను. మార్చి 30వ తేదీన రాజకీయ సంస్కరణల కార్యక్రమమును ప్రకటించెను.

ఆ కాలమున కైరో విశ్వవిద్యాలయములో వ్యాప్తిచెందిన సాధనము గోడపత్రిక. దేశములోని దినపత్రికలు ప్రభుత్వపు అదుపులో నుండెను. అచ్చుయంత్రమునకు అనుమతి కావలెను. చేతివ్రాతకు అట్టి అనుమతి అక్కరలేదు. విద్యార్థులు వెడల్పైన కాగితములమీద వ్యాసములు వ్రాసి, వ్యంగ్యచిత్రములు గీసి, కళాశాల గోడలకు అంటించుచుండిరి. తోడి విద్యార్థులు గుంపుగా నిలిచి చదివి, అక్కడనే వాదించుకొనుచుండిరి. దినపత్రికలో లేని వార్తకు గోడ చోటిచ్చెను.

వారు ఎక్కువగా వ్రాసినది యుద్ధమును గూర్చి. దానికి కారణము గలదు. 1967 తరువాత పట్టము పుచ్చుకొన్న యువకులు సైన్యములోనికి తీసికొనబడి, విడుదల ఎప్పుడో తెలియక సూయజ్ కాలువ గట్టున కాచుకొనియుండిరి. చదువు ముగిసిన మరునాడు తనకును అదే గతి పట్టునని ప్రతి విద్యార్థియు ఎరుగును. 1971వ సంవత్సరమే నిర్ణయ సంవత్సరమని అధ్యక్షుడు సాదత్ చాటెను. ఆ యేడు ఏ నిర్ణయమును లేకయే ముగిసెను. 1972 జనవరి 13వ తేదీన ఆయన ప్రసంగించుచు, అంతకుముందు నెలలో జరిగిన భారత-పాకిస్తాను యుద్ధము పొగమంచువలె అడ్డుపడినదని కారణము చెప్పెను. విద్యార్థులకు ఈ సమాధానము రుచింపలేదు. వారు కైరో విశ్వవిద్యాలయపు మహాసభామందిరమున బైఠాయించి, అధ్యక్షుడే వచ్చి తమ ప్రశ్నలకు జవాబు చెప్పవలెనని కోరిరి. ఆయన రాలేదు, జనవరి 24వ తేదీ వేకువను పోలీసులు వచ్చిరి. వందలమంది నిర్బంధింపబడిరి. విద్యార్థుల జాతీయ సంఘమునకు నాయకుడైన అహమ్మద్ అబ్దల్లా తరువాత ఇంగ్లండుకు పోయి, ఈజిప్టు విద్యార్థుల ఉద్యమమునే పరిశోధించి 1985లో గ్రంథముగా ప్రకటించెను. 1979లో వెలువడిన నియమావళి విశ్వవిద్యాలయములందు రాజకీయ కార్యకలాపములను నిషేధించెను.

ఇచ్చట ఒక ప్రశ్న ఉదయించును. వ్యాపారులు, రైతులు, ఉద్యోగులు ఉండగా విద్యార్థులే ముందుగా మాట్లాడుట ఎందువలన? మూడు కారణములు కనబడుచున్నవి.

మొదటిది స్థలము. రాజకీయ పక్షములు నిషిద్ధములై, పత్రికలు మూతపడిన దేశమున వేలమంది ప్రతిదినము ఎవరి అనుమతియు లేకుండ ఒకచోట కలియునది రెండు తావులందే: ప్రార్థనా మందిరమున, విశ్వవిద్యాలయమున. 1999 జూలైలో టెహ్రాను విద్యార్థులు వీధికెక్కుటకు నెపము "సలాం" అను దినపత్రిక మూసివేత. పత్రిక నోరు మూయగానే విద్యార్థి నోరు తెరచెను. ఆ రాత్రియే వసతిగృహముపై దాడి జరిగెను.

రెండవది వాగ్దానము. విశ్వవిద్యాలయములను పెంచినది ప్రభుత్వములే. ఈజిప్టు 1962లో ఉన్నతవిద్యను ఉచితము చేసి, పట్టభద్రులకు ప్రభుత్వోద్యోగము కల్పించుటకును పూనుకొనెను. ఎవనికి వాగ్దానము చేసితిమో వాడే దానిని కొలిచి చూచును. అది తప్పినప్పుడు మొదట తెలియునది అతనికే.

మూడవది వయస్సు. భార్యాబిడ్డల పోషణభారము ఇంకను మీద పడలేదు; ఉద్యోగము పోవునన్న భయము ఇంకను పుట్టలేదు. అయితే భయములేదన్నంత మాత్రమున నష్టము లేదని కాదు. విద్యాలయము నుండి వెళ్ళగొట్టుట మన ప్రాంతమునకును తెలిసిన శిక్షయే. 1938లో వందేమాతరము పాడినందుకు ఉస్మానియా విశ్వవిద్యాలయ విద్యార్థులు వందలకొలదిగా బహిష్కరింపబడగా, అనేకులు నాగపురమునకు పోయి చదువు సాగించిరి. వారి తలిదండ్రులు ఆ దినములలో ఎట్లు నిద్రించిరో ఊహింపవచ్చును.

ఇంతవరకు చెప్పినది విని, విద్యార్థి మాట ఎల్లప్పుడును సత్యమే యని శ్రోతలు తలంపరాదు. దీనికి జకార్తా నగరము సాక్ష్యము. 1965 చివర ఇండొనీషియాలో ధరలు మండిపోవుచుండెను. 1966 జనవరి 10వ తేదీన విద్యార్థులు మూడు కోరికలను ప్రభుత్వము ముందుంచిరి: కమ్యూనిస్టు పక్షమును రద్దు చేయుట, మంత్రివర్గమును మార్చుట, ధరలను తగ్గించుట. సైన్యము వారిని ప్రోత్సహించెను. సుకర్ణో పాలన సడలి, అధికారము సేనాని సుహార్తో హస్తగతమయ్యెను. అదే కాలమున దేశమంతట కమ్యూనిస్టులన్న నెపముతో సాగిన హత్యాకాండలో కనీసము ఐదు లక్షలమంది హతులైరని చరిత్రకారుల అంచనా. బియ్యము ధరను గూర్చి అంత బిగ్గరగా పలికిన విద్యార్థులలో అనేకులు ఈ హత్యలను గూర్చి పెదవి విప్పలేదు.

విప్పినవారిలో సో హోక్ గీ అను చరిత్ర విద్యార్థి ముఖ్యుడు. ఇతడు ముస్లిము కాడు. చీనాజాతి కుటుంబమున పుట్టినవాడు. ముస్లిములు అధికముగా గల దేశమున మాట్లాడు విద్యార్థులందరును ముస్లిములే కానక్కరలేదని ఇతని వలన తెలియుచున్నది. 1966లో ఊరేగింపులలో ముందు నడచిన ఇతడే, తరువాత పత్రికలలో ఆ హత్యలను ఖండించి వ్రాసెను. తోడి విద్యార్థి నాయకులు కొందరు క్రొత్త ప్రభుత్వము చలువవలన పార్లమెంటులో స్థానములు పొందిరి. వారికి ఇతడు ముఖమునకు పూసికొను పొడియు, పెదవులకు పూసికొను రంగును, ఒక అద్దమును మూటగట్టి పంపెను: ప్రభువుల మెప్పు కొరకు అలంకరించుకొనుడని దాని భావము. 1969 డిసెంబరు 16వ తేదీన సెమెరు పర్వతముపై ఇతడు మరణించెను. ఇరువది యేడేండ్లు నిండుటకు ఒక్క దినము తక్కువ. ఇతని దినచర్య పుస్తకము 1983లో అచ్చయ్యెను. సుహార్తోను గద్దె నెక్కుటకు తోడ్పడినది ఒక తరము విద్యార్థులు. 1998 మేలో త్రిశక్తి విశ్వవిద్యాలయము కడ నలుగురు విద్యార్థులు కాల్పులకు బలియైన పిదప, పార్లమెంటు భవనమును నింపి, ఆయన దిగిపోవుదాక కదలనివారు మరొక తరము విద్యార్థులు. మే 21వ తేదీన ఆయన పదవి విడిచెను.

దీనినిబట్టి విద్యార్థి వ్యాఖ్యకు ఒక పరీక్ష యేర్పడుచున్నది. ఎదుటిపక్షపు తప్పును చెప్పుట సులభము. తన పక్షము గెలిచిన మరునాడు తనవారి తప్పును చెప్పగలిగినప్పుడే ఆ వ్యాఖ్యకు విలువ.

రెండవ పరీక్ష యొకటి కలదు. దానిని మనకు నేర్పినది విశ్వవిద్యాలయ విద్యార్థి కాదు, పాకిస్తానులోని స్వాత్ లోయలో పదునొకండేండ్ల బాలిక. ఆ లోయలో తాలిబాను నాయకుడు ఎఫ్.ఎం. రేడియో ద్వారా ఆజ్ఞలు జారీ చేయుచుండెను. రేడియో మన ఇండ్లలో పాటయు, పంటల సమాచారమును వినిపించు సాధనము. అచ్చట అది భయమును పంచు సాధనమయ్యెను. 2009 జనవరి 15వ తేదీ తరువాత బాలికలెవ్వరును బడికి పోరాదని ఆజ్ఞ వెలువడెను. ఆ నెల ఆరంభము నుండి మలాలా యూసఫ్‌జాయ్, గుల్ మకాయ్ అను మారుపేరుతో, బి.బి.సి. ఉరుదూ విభాగమునకు తన దినచర్యను పంపుచుండెను. ఆమె రాజనీతిని బోధింపలేదు. తరగతిలో 27 మంది ఉండవలసినచోట ఆ దినము 11 మందియే వచ్చిరని లెక్క చెప్పెను. బడి దుస్తులు వలదు, మామూలు బట్టలతో రండని ఉపాధ్యాయులు చెప్పిన సంగతి వ్రాసెను. ఆ లెక్కకు మించిన వ్యాఖ్య ఎవరును చేయలేకపోయిరి. 2012 అక్టోబరు 9వ తేదీన బడి నుండి వచ్చుచుండగా ఆమెపై కాల్పులు జరిగెను. ఆమె బ్రతికి, 2014లో మన దేశమునకు చెందిన కైలాస్ సత్యార్థిగారితో కలిసి నోబెల్ శాంతి బహుమానము నందుకొనెను. పొరుగుననున్న అఫ్గానిస్థానములో 2022 డిసెంబరున స్త్రీలకు విశ్వవిద్యాలయపు తలుపులు మూసివేయబడెను. తలుపు మూసినవారికి విద్యార్థి మాట విలువ ఎంతయో బాగుగా తెలియును.

ఈ కథ మొదలైన ఢాకాకే తిరిగి పోదము. 2024 జూను నెలలో అచ్చటి హైకోర్టు, స్వాతంత్ర్య యోధుల సంతతికి ప్రభుత్వోద్యోగములలో నూటికి 30 వంతులు కేటాయించు పద్ధతిని పునరుద్ధరించెను. జూలైలో విద్యార్థులు ఎదిరించిరి. జూలై 21వ తేదీన సుప్రీంకోర్టు దానిని 5 వంతులకు తగ్గించెను. కాని అప్పటికే రక్తము చిందెను, ఇంటర్నెట్టు నిలుపబడెను, కర్ఫ్యూ విధింపబడెను. ఆగస్టు 5వ తేదీన ప్రధానమంత్రి షేక్ హసీనా దేశము విడిచెను. జూలై 1 నుండి ఆగస్టు 15 వరకు 1,400 మంది వరకు మరణించియుందురని ఐక్యరాజ్యసమితి మానవహక్కుల కార్యాలయము 2025 ఫిబ్రవరిలో అంచనా వేసెను. ఆ దినములలో ఢాకా గోడలన్నియు విద్యార్థుల చిత్రములతోను వ్రాతలతోను నిండెను. కైరోలో కాగితమంటించిన గోడకును, ఢాకాలో రంగు పూసిన గోడకును నడుమ అర్ధశతాబ్దము గడచినది. పని మాత్రము ఒక్కటే. తాత్కాలిక ప్రభుత్వమున విద్యార్థి నాయకులు కొందరు సలహాదారుల పదవులను స్వీకరించిరి. ప్రశ్నించినవారు జవాబు చెప్పవలసిన స్థానమునకు వచ్చిరి. జకార్తాలో సో హోక్ గీ తన మిత్రులకు అద్దము పంపిన స్థలము ఇదియే.

కాబట్టి పెద్దలమాటలోను సత్యము కలదు, పిల్లలమాటలోను సత్యము కలదు. విద్యార్థి తొందరపడవచ్చును; ఇతరుల చేతిలో పనిముట్టు కావచ్చును; ఒక అన్యాయమును చూచుచు మరొక అన్యాయమును చూడకపోవచ్చును. కాని మనియార్డరు కాగితముమీద తన భాష లేదని, తరగతిలో పదునొకండుగురే మిగిలిరని, యుద్ధమునకు చెప్పిన కారణము నిలువదని ముందుగా చెప్పినది అతడును ఆమెయునే. ఆ మాటకు తక్షణమే జవాబు చెప్పిన ప్రభుత్వములు కొంత నష్టముతో బయటపడెను. లాఠీతో జవాబు చెప్పిన ప్రభుత్వములు అదే ప్రశ్నను కొన్ని యేండ్లకు మరింత బిగ్గరగా వినవలసి వచ్చెను.

కావున ఈ రాత్రి వార్తల తరువాత మన ఇంటి విద్యార్థి ఏదేని ఒక దేశమును గూర్చి తీవ్రముగా మాట్లాడినచో, ఊరకుండుమని అనుటకు ముందు రెండు ప్రశ్నలు అడుగవచ్చును. "ఇది నీ వెట్లు తెలిసికొంటివి?" అనునది మొదటిది. "నీకు ఇష్టమైనవారు ఇదే పని చేసినను నీ విట్లే అందువా?" అనునది రెండవది. జవాబు వచ్చువరకు ఓపికతో వినుట మన పని. ఆ ప్రశ్నలను పిల్లలు తిరిగి మనలనే అడిగినచో, జవాబు చెప్పుటయు మన పనియే.